తడిపితే దూరం జరిగే కొండ

శనివారం వచ్చిందంటే ఘాట్గే సర్‌కి కాలు ఒకచోట నిలవదు. ఆ రోజు పొద్దుటి బడి. పదకొండుకి వదిలేస్తారు, పదకొండుంబావుకి రత్నగిరి బస్సు, అక్కణ్ణించి కొల్హాపూర్ బస్సు. ప్రతి శనివారం ఆ బస్సెక్కి సొంతూరు వెళ్ళిపోదామనుకుంటాడు, ప్రతి శనివారం వాన చూసి ఆగిపోతాడు. ఈలోపు ఎనిమిదో తరగతి డ్రాయింగ్ క్లాసులో ఆ చిరాకంతా పిల్లల మీద పడుతుంది.

ప్యూను దగడూ మామా ఎనామెల్ మగ్గుల్లో నీళ్ళు తెచ్చి బల్లకొకటి, పాత ధోవతి చింపిన గుడ్డపేలికలు మనిషికొకటి పెడుతూ ఉంటాడు. ఘాట్గే సర్ బీరువా తాళం తీసి మూడు పెన్సిల్ పెట్టెలు బయట పెడతాడు. అవి నీటిరంగు పెన్సిళ్ళు. పిల్లలు మాత్రం నీళ్ళ పెన్సిళ్ళంటారు. గీస్తున్నంతసేపూ మామూలు రంగు పెన్సిలే. తడి కుంచె తగిలిందా, గీతలన్నీ కరిగి ఒక్కటై రంగులా పారతాయి. ఈ బడికి వాటిని తెచ్చిన ఘనత ఘాట్గే సర్‌దే. అంతకుముందు మా వేళవడేలో పిల్లలకు మైనం రంగులు తప్ప తెలియవు.

"ముందు తేలిగ్గా గీతలు. పక్కపక్కనే, ఒక వాలుగా. నొక్కకండి, నొక్కితే గీత కాగితంలోకి దిగిపోతుంది, తరవాత కరగదు. కుంచె మగ్గులో ముంచి, గుడ్డకి అద్ది, లేత రంగు వైపు నుంచి ముదురు వైపుకి. అయిందా? నీళ్ళు పెట్టండి, నీళ్ళు పెట్టండి!"

"పెన్సిల్ చెక్కుకుంటున్నాం సర్, నీళ్ళెక్కడ పెట్టాలి?" అని ముందు బెంచీవాళ్ళు నవ్వుతారు.

"మీరు చెక్కుకునేసరికి నేను రిటైరవుతాను" అంటాడు సర్, కిటికీలోంచి బస్సొచ్చే రోడ్డు వైపు చూస్తూ. ఆయనకప్పటికి ముప్పై నాలుగేళ్ళు.

సెప్టెంబరు చివర్లో డ్రాయింగ్ గ్రేడ్ పరీక్ష. అందులో మంచి గ్రేడు వస్తే పదో తరగతిలో మార్కులు కలుస్తాయి కాబట్టి పిల్లలకు దాని మీద ఆశ. సర్ ఆశ వేరు. "ఒక్కళ్ళకైనా 'ఏ' గ్రేడు తెప్పించండి, మీ బదిలీ కాగితం మీద నేనే సంతకం పెట్టి పంపిస్తాను" అని హెడ్‌మిస్ట్రెస్ లిమయే బాయి మాటిచ్చింది. వేళవడే బడికి ఇంతవరకూ 'ఏ' గ్రేడు రాలేదు. ఎందుకు రాలేదో సర్‌కి తెలుసు. బొమ్మ గియ్యమంటే ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ రెండు ముక్కోణాల కొండలు, మధ్యలో పొడిచే సూర్యుడు, కిందకి ఒక నది, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు గీసి పారేస్తారు. వాళ్ళ నాన్నలూ అదే గీశారు. తలెత్తితే కిటికీ నిండా అంత పెద్ద మసోబా కొండ కనబడుతుంటే, దాని వైపు ఒక్కడైనా చూడడు.

మసోబా కొండ సంగతి ఆయన ఉద్యోగంలో చేరిన మొదటిరోజే దగడూ మామా చెప్పాడు. "కుళాయి ఆరింటికి వస్తుంది సర్, అరగంటే. బస్సు పొద్దున ఒకటి, పదకొండుంబావుకి ఒకటి. కొండని అచ్చం అది ఉన్నట్టు గీస్తే మాత్రం బొమ్మలో ఎంత దూరం పెడితే అంత దూరం జరుగుతుంది. చూసి గీయించండి." సర్ మూడూ డైరీలో రాసుకున్నాడు.

ముక్కోణాల కొండల్ని మసోబా కొండ తన బొమ్మగా ఒప్పుకోదు కాబట్టి దాంతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఎప్పుడో పాత డ్రాయింగ్ మాస్టారు పరాంజపే గురూజీ కాలంలో ఒకసారి జరిగింది. ఆయన నీటిరంగుతో కడిగిన బొమ్మని మళ్ళీ సరిదిద్దుతూ దిద్దుతూ జ్వరం వచ్చి పడుకున్నాడు, కొండ రెండు ఫర్లాంగుల అవతలే ఉండిపోయింది. కొండపాదం అనే బస్సు స్టాపు అందుకే వరిచేల మధ్య ఒంటరిగా ఉంటుంది. దిగినవాళ్ళు ఆ రెండు ఫర్లాంగులూ తిట్టుకుంటూ నడుస్తారు.

చేరిన ఏడాది ఘాట్గే సర్ కూడా కొండని గీశాడు. ఒకటి కాదు, నలభై కాగితాలు. ఆయన కొల్హాపూర్ కళాశాలలో బంగారు పతకం తెచ్చుకున్నవాడు, నీడ ఎక్కడ పడాలో, వెలుగు ఎక్కడ వదలాలో తెలిసినవాడు. గీసిన ప్రతిసారీ వరండాలోకి వచ్చి చూసేవాడు. కొండ వీసమెత్తు కదల్లేదు. "ఇంకొంచెం చూడాలేమో సర్" అని దగడూ మామా మెల్లిగా అన్నాడు. సర్‌కి ఒళ్ళు మండింది. ఆ రోజు నుంచీ కొండ ఊసెత్తలేదు, కిటికీ వైపు కూర్చున్నా రోడ్డునే చూసేవాడు. మనసులో మాత్రం ఆ అవమానం ముల్లులా అలాగే ఉంది.

జనీ ఝోరే ఆ కొండ మీది పిల్ల. కొండ నడుములో పశువులు కాచుకునే ధన్‌గర్ల గూడెం ఉంది, తొమ్మిది ఇళ్ళు, వాటికి నాలుగింతలు గేదెలు. జనీ వాళ్ళ నాన్న బాబూ ఝోరే రోజూ పాలబిందెలు కావడిలో వేసుకుని ఊళ్ళోకి దిగుతాడు. వెనకాలే జనీ, చెప్పులు చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచీ నెత్తి మీద పెట్టుకుని. ముప్పావుగంట నడక. ఆ గూడెంలో ఎనిమిదో తరగతి దాకా వచ్చిన మొదటి పిల్ల ఆమే. మాట తక్కువ, చూపు ఎక్కువ.

వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన తరవాత వచ్చిన శనివారం, పరీక్షకింకా పన్నెండు రోజులుందనగా, సర్ ప్రకృతి దృశ్యం గియ్యమన్నాడు. చెప్పాల్సిందంతా చెప్పాడు. దగ్గరి వస్తువుల్ని పొడి గీతలతో గట్టిగా గియ్యాలి. దూరపు వస్తువులకి రంగు తక్కువ, నీళ్ళెక్కువ. అన్నిటికంటే దూరమైనవి నీలంగా, పల్చగా, ఉన్నాయా లేవా అన్నట్టుండాలి. తరగతి మొత్తం తలలూపి రెండేసి ముక్కోణాలు గీసింది. సర్ విసుక్కుంటూ బెంచీల మధ్య తిరిగి తిరిగి చివరి బెంచీ దగ్గర ఆగాడు.

జనీ కాగితం మీద మసోబా కొండ ఉంది. ముదురాకుపచ్చ, గోధుమ, అక్కడక్కడా నలుపు. ప్రతి చెట్టూ విడివిడిగా ఉంది. కాలిబాట మలుపులన్నీ ఉన్నాయి. నీటిచుక్క తగల్లేదు, అంతా పొడి పెన్సిలే.

"ఏంటిది?"

"మసోబా కొండ సర్."

"అది తెలుస్తూనే ఉంది. దూరంగా ఉన్న కొండ ఎలా ఉండాలని చెప్పాను?"

"నీలంగా, పల్చగా."

"మరిదేంటి, ఇంత ముదురు? ఈ ఎర్ర చుక్కేంటి మధ్యలో?"

"మా ఆయీ చీర సర్" అంది. ఆయీ అంటే వాళ్ళమ్మ. "ఇప్పుడే ఆరేసింది, చూడండి."

సర్ చూడలేదు. "ఇంత దూరం నుంచి చీర కనబడదు. కనబడినా గియ్యకూడదు."

"దూరమేం కాదు సర్. నేను రోజూ నడిచొస్తాగా."

పిల్లలు కిసుక్కుమన్నారు. సర్ గడియారం చూసుకున్నాడు. పదీ నలభై. "పేపర్లు దిద్దేవాడికి మీ ఆయీ తెలీదమ్మా. ఆవిడ చీర చూసి మార్కులెయ్యడు. గీత బాగుంది, చెయ్యి బాగుంది, ఒక్క నీళ్ళు పెడితే 'ఏ' గ్రేడు ఎక్కడికీ పోదు. ఇటివ్వు."

ఆయన తన వెడల్పాటి కుంచె తీసుకుని, మగ్గులో నిండా ముంచి, కొండ శిఖరం మీంచి కింది దాకా ఒకే ఊపులో లాగాడు. చెట్లు కరిగాయి, బాట కరిగింది, ఎర్ర చుక్క కాసేపు మొండికేసి అదీ కరిగింది. తడి కుంచెని నీలం పెన్సిల్ మొన మీద రెండుసార్లు రుద్ది, ఆ రంగుతో ఇంకొక పూత పూశాడు. నిజం చెప్పాలంటే చాలా అందంగా వచ్చింది. ఎక్కడో దూరాన, పొగమంచులో, నీలంగా ఒక కొండ.

"చూశారా? దీన్నంటారు దూరం" అని కాగితం పైకెత్తి తరగతి మొత్తానికీ చూపించాడు.

గంట కొట్టారు. పిల్లలు బిలబిలా వరండాలోకి పరిగెత్తి అక్కడ నెమ్మదించారు. చేల చివర, ఆకాశం అంచున, బొమ్మలో ఉన్నంత పల్చగా, వేలెడంత ఎత్తున, మసోబా కొండ నీలంగా ఉంది.

దగడూ మామా గంట కొట్టిన కర్ర చేత్తోనే పట్టుకుని వచ్చాడు. "చూసి కడగాల్సింది సర్."

జనీ చెప్పులు చేతిలోకి తీసుకుని గేటు వైపు నడిచింది. పాలు పోసి వచ్చిన బాబూ ఝోరే ఖాళీ బిందెలతో గేటు దగ్గరే ఉన్నాడు. కొండ వైపు ఒకసారి, కూతురి వైపు ఒకసారి చూసి, గొంగళి తల మీదికి లాక్కుని, "నడు, ఇప్పుడు బయల్దేరితేనే సాయంత్రం పాలు పితికే టైముకి చేరతాం" అన్నాడు. వాళ్ళిద్దరూ వానలో చిన్నగా అయిపోయేదాకా సర్ వరండాలోనే నిలబడ్డాడు. రత్నగిరి బస్సు వచ్చింది, వెళ్ళింది.

సోమవారం జనీ రాలేదు. మంగళవారమూ రాలేదు. మధ్యలో ఏం మొలిచాయని అడక్కండి, ఏమీ మొలవలేదు. ఎవరి చేలు వాళ్ళకి, ఎవరి కాలవలు వాళ్ళకి అంతే ఉన్నాయి. నడవడానికి మాత్రం ఆరు గంటలు పడుతోంది. పాలు ఆగిపోయాయి. ఊళ్ళో రెండు టీ దుకాణాల్లోనూ డికాషనే గతి. ఘాట్గే సర్ వెళ్ళినచోటల్లా ఎవరో ఒకరు గ్లాసు పైకెత్తి, "సర్, దీనిక్కూడా మీరే నీళ్ళు పెట్టారా?" అనేవారు. బస్సు కండక్టరు కదమ్ అయితే మరీను. "పాతికేళ్ళుగా కొండపాదం అని అరుస్తున్నా సర్. ఇప్పుడా పేరు అరిస్తే జనం నా మొహం చూస్తున్నారు."

సర్‌కి తిండి సయించలేదు. కొల్హాపూర్ జ్ఞాపకం రావడం కూడా మానేసింది. తరగతిలో నాలుగు అడుగులు వేసి కిటికీ దగ్గరికి, మళ్ళీ నాలుగు అడుగులు వేసి చివరి బెంచీ దగ్గరికి. తడిపిన కాగితం మీదే మళ్ళీ గియ్యాలని దగడూ మామా చెప్పాడు. సర్ ఆ కాగితం తీసి, పూత ఎండిందో లేదో వేలితో చూసుకుని, దాని మీద పొడి పెన్సిల్‌తో గియ్యడం మొదలుపెట్టాడు. ఎండిన పూత మీద పొడి గీత గీస్తే వస్తువు ముందుకొస్తుంది. ఆ పాఠం ఆయన వందసార్లు చెప్పాడు. చెట్లు పెట్టాడు. బాట పెట్టాడు. రెండు గేదెల్ని పెట్టాడు. కొండ కదల్లేదు. రెండేళ్ళు ఆ కిటికీ పక్కనే కూర్చున్నాడు, ఏ చెట్టు ఎక్కడుందో ఒక్కటీ తెలియదు. అది అర్థమైనప్పుడు ఆయనకి నిజంగా సిగ్గేసింది.

రెండో సోమవారం బాబూ ఝోరే ఒక్కడే దిగొచ్చాడు, ఉప్పూ దాణా కొనడానికి. సర్ సంతలో ఎదురై, "గురువారం పరీక్ష, జనీని పంపించు" అన్నాడు.

"ఒక్క రోజు పరీక్షంటే భుజాల మీద మోసుకొస్తాను సర్. శుక్రవారం నుంచి ఏం చెయ్యను? రోజూ దిగడానికి ఆరు గంటలు, ఎక్కడానికి ఆరు గంటలు. పిల్ల చదివేదెప్పుడు, అన్నం తినేదెప్పుడు? హాస్టల్లో సీట్లు జూన్‌లోనే అయిపోయాయన్నారు." బాబూ మూట భుజానికెత్తుకున్నాడు. "పుస్తకాలు చుట్టి అటకెక్కించేశా. గేదెలతో ఉంటుందిక. మీ తప్పని అనట్లేదు సర్. మీకు చేతనైంది మీరు చెప్పారు."

తిట్టినా అంత బాధపడేవాడు కాదు సర్.

బుధవారం సెలవు చీటీ కూడా రాయకుండా ఆయన పొద్దుటి బస్సెక్కాడు. కదమ్ టికెట్ కొట్టబోతూ చేతిలో పెన్సిల్ పెట్టె, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం చూసి, ఇంకేమీ అడక్కుండా కొండ వైపున్న ఆఖరి స్టాపులో దింపాడు. అక్కణ్ణించి అయిదు గంటల నడక. రెండుసార్లు జారిపడ్డాడు. జలగలు పట్టుకుంటే పీక్కోవడం రాక అలాగే నడిచాడు. గూడెం చేరేసరికి పన్నెండు దాటింది. జనీ గోతాంసంచీ తలకి తగిలించుకుని గేదెల్ని తోలుకొస్తోంది. సర్‌ని చూసి ఆగింది.

"కాలికి రక్తం కారుతోంది సర్" అంది. వాళ్ళమ్మ ఉప్పు తెచ్చి జలగల మీద వేసింది. బియ్యం రొట్టె, వెల్లుల్లి కారం, గిన్నెడు గడ్డపెరుగు పెట్టింది. సర్ తింటూనే కవరు విప్పి కాగితం తీశాడు. జనీ దాన్ని మోకాళ్ళ మీద పెట్టుకుని చూసింది. పెదాలు బిగబట్టి చాలాసేపు ఆపుకుంది గానీ ఆగలేదు, నవ్వేసింది.

"ఇది గేదేనా సర్? మేకలా ఉంది. పనసచెట్టు ఇటు పెట్టారేంటి, అది మసోబా దేవుడి రాయికి అటుపక్కన గదా? ఈ చెట్టేంటసలు? ఇలాంటి చెట్టు మా కొండ మీద లేదు."

"అది... అన్ని చిత్రాల్లోనూ పెట్టే చెట్టు" అన్నాడు సర్.

"చెరిపెయ్యనా?"

"అన్నీ చెరిపెయ్యి. నువ్వు గియ్యి. ఎంత ముదురుగా కావాలంటే అంత ముదురుగా. నీలం నీ జోలికి రాదు." పెన్సిల్ పెట్టె మూత తీస్తూ, "ఆ రోజు నేను కిటికీలోంచి చూడాల్సింది. చూడలేదు" అన్నాడు.

జనీ తల వంచుకుని రబ్బరు తీసుకుంది. కొండ మీద కూర్చుని కొండని ఎలా గీస్తుందని సర్‌కి అనుమానం వచ్చింది. ఆమె మాత్రం తలెత్తనేలేదు. బడి కిటికీలోంచి ఎలా కనబడేదో అంతా కళ్ళలోనే ఉంది. సర్ చెక్కిన పెన్సిళ్ళు ఒక్కొక్కటీ అందిస్తుంటే, పై నుంచి కిందికి, చెట్టు తరవాత చెట్టు దింపుకుంటూ వచ్చింది. ముదురు కావాల్సినచోట పెన్సిల్ మొనని నాలిక మీద తడి చేసి గీసింది. ఆ పద్ధతి సర్ నేర్పలేదు, నేర్పాల్సింది మాత్రం అదే.

చిక్కల్లా వానతోనే. గుడిసెలో చీకటి, గీత కనబడదు. చూరు కింద కూర్చుంటే జల్లు కొడుతోంది. ఒక చినుకు కాగితం మీద పడి శిఖరం పక్కన కరిగిందో లేదో, పైనున్న మేతపొలం దూరం జరిగిపోయి, అక్కడ మేస్తున్న గేదె మెడగంట ఎక్కడో దూరాన వినబడింది. బాబూ గొంగళి విసిరి ఆ గేదెని వెతకడానికి పరిగెత్తాడు. అప్పుడు సర్ లేచి, తన నల్ల గొడుగు తెరిచి, జనీ మీదా కాగితం మీదా పట్టుకుని జల్లు వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. గాలి ఎటు తిరిగితే ఆయనా అటు తిరిగాడు. గొడుగు ఒక ఊచ విరిగింది. చొక్కా, పాంటు, బనీను తడిసి నీళ్ళు కారుతున్నా కదల్లేదు. రెండేళ్ళలో ఆయన ఒకేచోట మూడు గంటలు నిలబడింది ఆ రోజే.

నాలుగింటికి జనీ ఎర్ర పెన్సిల్ అడిగింది. ఆయీ చీర పెట్టింది. "అయింది సర్" అంది.

ఇద్దరూ చూరు కిందనుంచి వచ్చి లోయలోకి చూశారు. వేళవడే కనబడలేదు. పొగమంచు, దాని అవతల ఇంకా పొగమంచు. కొండ కదల్లేదు.

"చెట్లన్నీ పెట్టావా?"

"పెట్టాను సర్. మొన్న విరిగిపోయిన దాంతో సహా."

"ఇళ్ళు?"

"తొమ్మిదీ ఉన్నాయి."

సర్‌కి ఏడుపొచ్చేలా ఉంది, పిల్ల ముందు బాగుండదు. పెన్సిల్ పెట్టె ఆమెకే వదిలేశాడు. "ఉంచుకో. బడిలో నేను చెప్పుకుంటాలే" అని, గొడుగు భుజాన వేసుకుని, చీకటి పడేలోపు ఎంత దూరం దిగగలిగితే అంత దూరం దిగుదామని బయల్దేరాడు.

జనీ కాగితం ఒళ్ళో పెట్టుకుని ఆయన వెళ్ళే వైపే చూస్తూ కూర్చుంది. విరిగిన గొడుగు, ఒక కాలు కుంటుతూ, రాయి రాయికీ ఆగి తడుముకుంటూ. ఆ రోజు కొండ మీద ఉన్నవాళ్ళలో ఒక మనిషి బొమ్మలో లేడని అప్పుడామెకి తట్టింది. నల్ల పెన్సిల్ మొన నాలిక మీద అద్ది, బాట రెండో మలుపులో, గింజంత మనిషిని గీసింది. ఊచ విరిగిన గొడుగుతో సహా.

ఘాట్గే సర్ రెండో మలుపు తిరిగి, పనసచెట్టు దాటి, మసోబా రాయికి ఇటుపక్కకి వచ్చాడు. ఇంకా ఆరు గంటలు నడవాలి గదా అని పళ్ళు బిగించి మూడో మలుపు తిరిగేసరికి ఎదురుగా బడి ఎర్రరాయి గోడ ఉంది. గోడ మీద దగడూ మామా ఎనామెల్ మగ్గులు బోర్లించి ఆరబెట్టుకుంటున్నాడు.

"వచ్చారా సర్" అన్నాడు. "ఈసారి మరీ దగ్గరికి తెచ్చారు. గేదెలు తోటలో పడకుండా కంచె కట్టించాలి."

సర్ గోడ పట్టుకుని అక్కడే కూలబడి నవ్వాడో ఏడ్చాడో దగడూ మామా ఎవరికీ చెప్పలేదు.

గురువారం పొద్దున జనీ గోడ దాటి పరీక్షకి వచ్చింది. అంత దగ్గర. జ్ఞాపకం నుంచి గియ్యాల్సిన బొమ్మకి 'వానలో బస్టాండు' ఎంచుకుంది. ఆకాశం తడిపింది, రోడ్డు తడిపింది, బస్సుని సగం తడిపింది. మనుషుల మీద మాత్రం చుక్క నీళ్ళు పెట్టలేదు. జనవరిలో బి గ్రేడు వచ్చింది. 'ఏ' గ్రేడు ఆ ఏడాదీ ఎవరికీ రాలేదు. అటకెక్కిన పుస్తకాలు దిగాయి, ఇంకెప్పుడూ ఎక్కలేదు. జూన్‌లో గూడెం నుంచి ఇంకో నలుగురు పిల్లలు బడిలో చేరారు. ముక్కు చీదుకుని గోడ దాటితే బడే కదా, ఇంట్లో ఉంచడానికి వాళ్ళ అమ్మలకి సాకు దొరకలేదు.

'ఏ' గ్రేడు లేకపోయినా బదిలీ ఉత్తర్వు ఫిబ్రవరిలో దానంతటదే వచ్చింది. కొల్హాపూర్‌లో ఎవరో రిటైరయ్యారు. లిమయే బాయి పువ్వులూ కొబ్బరికాయా ఇచ్చింది. పిల్లలు గేటు దాకా వచ్చారు. జనీ రాలేదు, చివరి బెంచీలోనే కూర్చుంది. సర్ ట్రంకు పెట్టె బస్సు మీద వేయించి, కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలింది. కిటికీ నిండా మసోబా కొండ.

అరగంట గడిచింది. ఇంజను రొద పెడుతూనే ఉంది, చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, చెట్లు వెనక్కి పోతూనే ఉన్నాయి. కిటికీలో కొండ అలాగే ఉంది, ఎర్ర చీరతో సహా. కదమ్ "కొండపాదం!" అని అరిచాడు. ఎవరూ దిగలేదు. ఇంకో పావుగంటకి మళ్ళీ "కొండపాదం!" అని అరిచాడు. మూడోసారి అరవలేదు. సర్ సీటు దగ్గరికి వచ్చి, టికెట్ల పెట్టె సర్దుకుని, మర్యాదగానే చెప్పాడు.

"సర్, మీరు దిగితే గానీ బండి ఊరు దాటదు. వెనకాల ఒకాయనకి రత్నగిరి కోర్టులో వాయిదా ఉందట. కొంచెం పెద్ద మనసు చేసుకోండి."

సర్ కొండ వైపు చూశాడు. రెండో మలుపులో, బండ పక్కన, ఎవరూ లేని చోట, ఒక మనిషి నిలబడేంత జాగా ఖాళీగా ఉంది. రావలసినంత కోపం ఆయనకి రాలేదు. తను గీసిన నలభై కాగితాలకీ కదలని కొండ తన కోసం ఇంత దూరం బస్సు వెంట వచ్చిందని తోచి, గుండెలో ఏదో మెత్తబడింది. ట్రంకు దింపించుకున్నాడు.

ఆయన తరగతిలోకి వచ్చేసరికి దగడూ మామా మగ్గులు పెట్టేసి ఉన్నాడు. జనీ లేచి వచ్చి, పుస్తకంలోంచి ఆ పాత కాగితం తీసి బల్ల మీద పెట్టింది. పక్కన కుంచె, నీళ్ళ మగ్గు.

"మీరే తడిపేసుకోండి సర్" అంది, మొహం చూడకుండా. "గొడుగు మనిషిని ఒక్కణ్ణే. సన్న కుంచెతో అయితే కొండకి తగలదు. తరవాత మీరెక్కడికైనా వెళ్ళొచ్చు."

సర్ కుంచె తీసుకుని మగ్గులో ముంచాడు. గింజంత మనిషి వైపు వంగి చాలాసేపు చూశాడు. విరిగిన ఊచ కూడా సరిగ్గా విరిగినచోటే ఉంది. కుంచెని గుడ్డకి అద్దాడు, ఇంకోసారి అద్దాడు, పొడిబారేదాకా అద్ది బల్ల మీద పెట్టేశాడు.

"అందరూ పెన్సిళ్ళు తియ్యండి" అన్నాడు, కిటికీ వైపు కుర్చీ తిప్పుకుని కూర్చుంటూ. "తొందరేం లేదు. నీళ్ళ సంగతి తరవాత చూద్దాం."